పారమ్మకు మాట రాదని తేలింది

చింతలపేట సంతలో ఎండుచేపలు అమ్మే పారమ్మకు మాట రాదని ప్రభుత్వం వారు కనిపెట్టారు. ఊరికే నోటిమాటగా అనలేదు. కాగితం మీద రాసి, ఫోటో అంటించి, గుండ్రటి ముద్ర వేసి మరీ ఇచ్చారు. ఆ సంతకు ఒక్కసారి వెళ్ళినవాళ్ళెవరైనా ఈ సంగతి వింటే నమ్మరు. ముప్పై ఏళ్ళుగా అక్కడ పారమ్మ గొంతు లేస్తేనే సంత మొదలైనట్టు లెక్క. నెత్తళ్ళ బుట్ట దించి ఆమె ఒక్క కేక వేసిందంటే బస్సు దిగుతున్నవాళ్ళు కూడా సంచులు సర్దుకునేవారు. బేరానికి వచ్చిన మనిషి ఒకటంటే ఆమె పది అనేది. ఆ పదిలో రెండు తప్పనిసరిగా ఆ మనిషి అత్తగారి గురించి ఉండేవి.

మాట నిజంగా పోయింది ఆమె మొగుడికి. ఆయన పేరు సింహాచలం. మనం చెప్పుకోవచ్చు కాని పారమ్మ ఆ పేరు చెప్పదు, పెళ్ళయిన రోజు నుంచీ చెప్పలేదు. ఆ వైపు పాతకాలపు ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని భయం. పారమ్మ పట్టింపు ఇంకా ఎక్కువ. ఏటా స్వామి దర్శనానికి వెళ్ళేటప్పుడు కండక్టరు ఎక్కడికని అడిగితే "అప్పన్న కొండకి" అంటుంది తప్ప కొండ అసలు పేరు ఎత్తదు.

సింహాచలం తాపీమేస్త్రీ. శనివారాలు భజనకు పెద్ద గొంతు ఆయనదే. ఎనిమిది నెలల కిందట గోడ కడుతూ కడుతూ పక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం. కాలు కొంత తిరిగి వచ్చింది, కుడిచెయ్యి అంతంతమాత్రం, మాట మాత్రం రాలేదు. మిగిలింది ఒక్కటే మాట, "పారమ్మ". నీళ్ళు కావాలన్నా పారమ్మే, అన్నం చాలన్నా పారమ్మే, ఈగ వాలినా పారమ్మే. ఒకసారి పొద్దుటి నుంచీ పారమ్మా పారమ్మా అని ఏడుస్తుంటే కడుపునొప్పేమోనని ఆమె సాయంత్రం దాకా పొట్టకు ఆముదం రాసింది. తీరా చూస్తే పన్ను. ఆ రోజు ఆమె కూడా ఏడ్చింది. ఆయనకు నొప్పెక్కడో ఆయన నోటితో చెప్పగలిగితే చాలు, దేవుణ్ణి ఇంకేమీ అడగనని మొక్కుకుంది.

ఏరియా ఆసుపత్రిలో మాటలు నేర్పే డాక్టరమ్మ హైమవతి ఆయన్ని చూసి ధైర్యం చెప్పింది. ఆయనకు అంకెలు వరసగా వస్తున్నాయి, వారాల పేర్లు వస్తున్నాయి, భజన అయితే ఎత్తుకుంటే ఆగడం లేదు. నోట్లో నానిపోయినవి అలా మిగులుతాయి, కావాలనుకున్న మాటే రాదు. ఆ పాట పట్టుకునే మాటల్ని మళ్ళీ లాగవచ్చు, వారానికి మూడు రోజులు కూర్చోబెట్టాలి అంది. అయితే తన దగ్గర సీట్లు పన్నెండే, వాటిని నింపే అధికారం తనకు లేదు. ప్రభుత్వం పెట్టిన వాక్ సౌష్ఠవ పథకం శిబిరంలో "మాట రాదు" అని తేలితేనే సీటు.

"రానోడికి రాదని తేల్డానికి ఏటుంది తల్లీ," అంది పారమ్మ. ఆమెకు ప్రభుత్వం సంగతి తెలియదు.

ఆ పథకం వెనక పెద్ద కథే ఉంది. రాజధానిలో పదకొండుమంది పండితులు ఒక సంఘంగా ఏర్పడి, మనుషుల మాటను పరీక్షించడానికి ప్రశ్నలు తయారు చేశారు. మొదట బొమ్మలు చూపించి పేర్లు అడగాలనుకున్నారు. ఒక్కో జిల్లాలో ఒక్కో బొమ్మకు ఒక్కో పేరు ఉందని తెలిసి అది మానేశారు. రాష్ట్రంలో ప్రతి మనిషికీ తప్పకుండా తెలిసిన మాట, మతి పోయినా మరిచిపోని మాట ఏదని ఏడాదిన్నరపాటు పద్నాలుగు సమావేశాల్లో ఆలోచించారు. చివరకు ఒక సభ్యుడు, జీవిత భాగస్వామి పేరు అన్నాడు. మిగిలిన పదిమందీ బల్లలు చరిచారు. పదకొండుమందీ మగవాళ్ళే. పెళ్ళాన్ని రోజుకు యాభైసార్లు పేరు పెట్టి కేకేసేవాళ్ళే. ఆ పెళ్ళాలు తమను ఏమని పిలుస్తారో వాళ్ళలో ఒక్కడికీ గుర్తు రాలేదు.

అలా ఐదు ప్రశ్నలు అచ్చయ్యాయి. నమస్కారం చెప్పాలి. ఒకటి నుంచి పది లెక్కపెట్టాలి. వారాల పేర్లు చెప్పాలి. వచ్చిన పాట పాడాలి. చివరిది, అన్నిటికీ పెద్దది, భాగస్వామి పేరు. మొదటి నాలుగూ వచ్చి ఐదోది రాకపోయినా మాట రానట్టే.

పిల్లలకు పరీక్ష వేరు. తరగతి మొత్తాన్ని ఒకేసారి నిలబెట్టి ప్రార్థన చెప్పిస్తారు. చెవులు దద్దరిల్లితే ఆ తరగతిలో లోపం లేదు. నత్తి ఉన్న పిల్లలు పదిమందితో కలిసి చెప్పేటప్పుడు తడబడరని, విడివిడిగా అడగాలని హైమవతి పైకి ఉత్తరం రాసింది. "అట్టి పిల్లలు ఇకమీదట ఎల్లప్పుడూ పదిమందితో కలిసియే మాట్లాడవలసినదిగా సూచించవలెను" అని జవాబు వచ్చింది. ఆ ఉత్తరాన్ని ఆవిడ మడిచి సొరుగులో పెట్టుకుంది.

శిబిరం మండలాఫీసు వరండాలో పెట్టారు. దానికి ప్రత్యేకాధికారి భుజంగరావుగారు. ఆయన ముందు ఫారాల కట్ట, పక్కన రాతగుమాస్తా. పారమ్మ మొగుణ్ణి ఆటోలో తెచ్చి బల్ల ముందు కూర్చోబెట్టింది.

"అభ్యర్థి నమస్కారం సమర్పించవచ్చును," అన్నారు భుజంగరావుగారు.

సింహాచలం ఎడమచెయ్యి ఎత్తి "నమస్కారం బాబూ" అన్నాడు. అది నలభై ఏళ్ళ అలవాటు, దానంతట అదే వచ్చేసింది. లెక్కపెట్టమంటే పది దాటి ఇరవై దాటి పోతుంటే గుమాస్తా ఆపవలసి వచ్చింది. ఆదివారం నుంచి శనివారం దాకా గడగడా అప్పజెప్పాడు. పాట అడిగితే రెండు చరణాలు ఎత్తుకున్నాడు, భుజంగరావుగారి కాలు బల్ల కింద తాళం వేసింది.

"భార్య నామధేయము?"

"పారమ్మ," అన్నాడు సింహాచలం. మరి ఆయనకు ఉన్నది ఆ ఒక్క మాటే కదా.

"ఐదుకు ఐదు. నిర్దుష్టమైన వాక్కు. రాసుకోవయ్యా."

పారమ్మ బల్లకు అడ్డం వచ్చింది. "బావూ, ఉండండి, ఒక్కమాటు నీళ్ళు సూపించి ఇదేటని అడగండి."

"నీళ్ళు ప్రశ్నావళిలో లేవమ్మా."

ఆమె అక్కడి మంచినీళ్ళ గ్లాసు తీసి మొగుడి ముఖం ముందు పెట్టింది. "ఇదేటి? సెప్పు." ఆయన గ్లాసు వంక చూశాడు. పెదవులు కదిలించాడు, మెడ నరాలు పొంగాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పారమ్మ," అన్నాడు.

"చూశావా, మళ్ళీ సరిగ్గానే చెప్పాడు," అన్నారు భుజంగరావుగారు తృప్తిగా. "అయితే ఒక జవాబుకు రెండుసార్లు మార్కులు ఇచ్చే అవకాశం లేదు."

సాయంత్రంలోగా మూడువందల మందిని పరీక్షించి కనీసం నలభైమందికి మాట రాదని తేల్చాలని ఆయనకు పైనుంచి హుకుం. అప్పటికి తేలింది ముగ్గురు. అందుకని ఆయన పారమ్మను పోనివ్వలేదు. ఆవరణలో అడుగుపెట్టిన వయోజనులందరూ పరీక్షార్హులే అన్నారు. ఆమె విసుక్కుంటూ నమస్కారం పెట్టింది, లెక్క చెప్పింది, వారాలు చెప్పింది, ఊడుపు పాట ఒకటి పాడితే వరండా చివర పడుకున్న బంట్రోతు లేచి కూర్చున్నాడు.

"భర్త నామధేయము?"

పారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "అదెలగ సెప్తాను బావూ."

"నోటితో చెప్పవలెను."

"అదే, ఆ కొండ మీద సామి లేడా, ఒళ్ళంతా సందనం పూతారు, ఏడాదికో రోజు ఒలిసి సూపిత్తారు. ఆ కొండ పేరే."

భుజంగరావుగారి ముఖం వెలిగింది. చేతిపుస్తకం తెరిచి పైకి చదివారు. "చెప్పవలసిన పదమును చెప్పజాలక, దాని చుట్టూ తిరుగుచూ వర్ణించుట ఈ రుగ్మతకు ప్రధాన లక్షణము. గుమాస్తా, ఈవిడ మన పుస్తకంలోంచి లేచి వచ్చినట్టుంది."

గుమాస్తా ఆ ఊరివాడే. "సార్, ఈళ్ళు సెప్పరండి, ఆచారం," అని గొణిగాడు.

"ఆచారం అనే గడి ఫారంలో ఎక్కడుందో చూపించు."

ఫారంలో గడులు రెండే, వచ్చును, రాదు. గుమాస్తా ఫారం వెనక్కి కూడా తిప్పి చూశాడు.

"రాకపోడం కాదు బావూ, నానే అనను," అంది పారమ్మ.

"అనలేకపోవుటకూ, అనకపోవుటకూ గడి ఒక్కటేనమ్మా," అని భుజంగరావుగారు ముద్ర వేశారు.

ఆమె వెనక వరసలో, సంతలో పక్కనే బుట్ట పెట్టుకుని అమ్మే సన్నెమ్మ ఉంది. ఆమెకూ రాలేదు. ఆ వెనక, సంతలోదే, గవరమ్మకూ రాలేదు. నలభై దాటిన ఆడవాళ్ళు అరవైముగ్గురు వస్తే యాభైఎనిమిదిమందికి మాట రాలేదు. మాట రాదని కాగితాలు పట్టుకుని వాళ్ళంతా ఒకేసారి మాట్లాడుకుంటూ రోడ్డు మీద నడిచి వెళుతుంటే రోడ్డు పక్క కచేరీలో కిటికీలు మూసుకున్నారు. లోపాలు కనిపెట్టడంలో రాష్ట్రంలోనే తమ మండలం మొదట నిలిచిందని భుజంగరావుగారికి శాలువా కప్పారు. పది రోజుల్లో జిల్లా అంతటా అదే పరీక్ష జరిగి, మొత్తం మీద పెళ్ళయిన ఆడజాతికి ఏదో మహమ్మారి సోకిందని పత్రికల్లో వచ్చింది. కారణం తాగునీరా, ఎండుచేపలా అని తేల్చడానికి మరో సంఘం వేశారు.

పన్నెండు సీట్లలో ఒకటి పారమ్మకు వచ్చింది. ఆమె ఆ ఉత్తరం పట్టుకుని హైమవతి దగ్గరకు వెళ్ళి, "ఈ సీటు మా ఇంటాయనకి మార్సీయండమ్మా" అని బతిమాలింది. ఆయనకు మాట వచ్చునని ముద్ర పడిపోయింది, మార్చడం ఎవరి తరం కాదంది హైమవతి. అంటూనే ఉత్తరం కింద ఉన్న నిబంధనలు ఒక్కొక్కటే చదివింది. ఏడో నిబంధన దగ్గర ఆగింది. మాట రాని రోగి ఒంటరిగా రాకూడదు, రోగి పక్షాన మాట్లాడేందుకు ఒక సహాయకుణ్ణి తెచ్చుకోవాలి. ఆ సహాయకుడికి మాట వచ్చునని పథకం వారి ధ్రువపత్రం ఉండాలి.

"పారమ్మా, మీ ఇంట్లో మాట వచ్చునని ధ్రువపత్రం ఉన్నది ఎవరికి?" అని అడిగింది హైమవతి. పారమ్మకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ఇద్దరూ పగలబడి నవ్వారు.

మర్నాటి నుంచి సోమ, బుధ, శుక్రవారాలు పారమ్మ రోగిగానూ, సింహాచలం ఆమె సహాయకుడిగానూ ఆసుపత్రికి రావడం మొదలుపెట్టారు. రిజిస్టరులో ఆమె పేరు, కుర్చీలో ఆయన. హైమవతి తలుపు మూసి, ఆయన ఎడమ అరచేతిని బల్ల మీద పెట్టి, భజన తాళం వేయించేది. ఆ తాళంలో, ఆ రాగంలో, పాట మాటలకు బదులు వేరే మాటలు పెట్టి పాడించేది. పారమ్మకు ఒకే షరతు, గంటసేపు నోరు తెరవకూడదు. ఆయన తడుముకుంటున్నప్పుడల్లా ఆమె ముందే చెప్పేస్తే ఆయనకు ఎప్పటికీ రాదు.

"రోగివి కదా, మాట్లాడకూడదు," అనేది హైమవతి.

ఆ ఆసుపత్రిలో ఎన్నో కష్టాలు పడ్డవాళ్ళున్నారు కాని పారమ్మ పడ్డ కష్టం ఎవరూ పడలేదు. ఆయన "నీ... నీ..." అంటుంటే ఆమె బెంచీ చెక్క పట్టుకుని, పళ్ళు బిగించి, కళ్ళు మూసుకునేది. ఇంటికి వెళ్ళే దారిలో ఆ గంట బాకీ అంతా ఆటోవాడి మీద తీర్చుకునేది.

ఆరో వారంలో ఒక మధ్యాహ్నం ఆమె పొయ్యి దగ్గర ఉండగా వెనక నుంచి తొడ మీద తాళం వినిపించింది. తరవాత పాట వరసలో, "నీళ్... ళు... కా... వాలి." పారమ్మ చెంబు నింపి పరుగున వెళ్ళింది. ఆయన తాగి, ఆమె ముఖం చూసి, మళ్ళీ అన్నాడు. దాహం లేదని ఆమెకు తెలుసు. అయినా మళ్ళీ తెచ్చింది. నాలుగు చెంబులు తాగించి, అక్కడే చతికిలబడి కడుపారా ఏడ్చింది. పెళ్ళినాడు కూడా ఆమెకు అంత సంతోషం కలగలేదు.

ఇలా సాగనిస్తే అది ప్రభుత్వం ఎందుకవుతుంది. మూడు నెలలు తిరిగేసరికి పథకం వారు "సామూహిక నామోచ్చారణ మహోత్సవం" ప్రకటించారు. సీట్లు పొందిన వాళ్ళంతా రాజధాని నుంచి వచ్చే పెద్దాఫీసరు ముందు, వేదిక మీద, మైకులో, భర్త పేరు చెప్పాలి. చెప్పినవాళ్ళకు రోగం నయమైనట్టు, సీటు రద్దు. వేదిక ఎక్కినవాళ్ళలో ఒక్కరు చెప్పకపోయినా చికిత్స చేసిన డాక్టరుకు చేతకానట్టు, ఆవిణ్ణి ఏ కొసనో ఉన్న మరో జిల్లాకు బదిలీ చేస్తారు.

హైమవతి దాచలేదు. "చెబితే నీ సీటు పోతుంది పారమ్మా. చెప్పకపోతే నేను పోతాను. ఎలాగైనా ఆయన చదువు ఆగిపోతుంది."

సన్నెమ్మ, గవరమ్మలకు కూడా సీట్లు వచ్చాయి. వాళ్ళకు సీటుతో పని లేదు, సంత మానుకుని తిరగడం తప్పితే చాలు. సన్నెమ్మ ఉపాయం చెప్పింది. "నీ మొగుడి పేరు నానంతాను, నా మొగుడి పేరు నువ్వను. పరాయోడి పేరుకి దోసమేటి?" గవరమ్మ సరేనంది. పారమ్మకు మాత్రం ఆ ఉపాయం పనికిరాదు. ఎవరి పేరు చెప్పినా సీటు పోవడం పోవడమే.

మహోత్సవం నాడు మండపం నిండిపోయింది. భుజంగరావుగారు మైకు పట్టుకుని, "నేడు మూగ వనితల కంఠసీమల నుండి పతి నామధేయములు జాలువారనున్నవి" అన్నారు. మొదట తొమ్మిదిమంది వచ్చి, సన్నెమ్మ ఉపాయం ప్రకారం ఒకరి మొగుడి పేరు ఒకరు, గుక్క తిప్పుకోకుండా చెప్పేసి దిగిపోయారు. ప్రతి పేరుకూ చప్పట్లు. తరవాత సన్నెమ్మ వచ్చి "తవిటయ్య" అంది. జనంలోంచి ఒక పెద్దమనిషి లేచాడు. ఆయన గవరమ్మ మొగుడు.

"బావూ, తవిటయ్యని నానండి. అది మా ఆడది కాదండి."

పెద్దాఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. భుజంగరావుగారు ఫారం తిరగేసి చూసి, ఉచ్చారణ సరియైనదేనని, భర్తను మాత్రం సరిచూడవలసి ఉన్నదని ప్రకటించారు. మిగిలినవాళ్ళు ఎవరి మొగుణ్ణి వారు పక్కన నిలబెట్టుకుని, గుర్తింపు కార్డు చూపించి చెప్పాలని అక్కడికక్కడే ఉత్తర్వు వెలువడింది. గవరమ్మ గుట్టుచప్పుడు కాకుండా వెనక దారిన ఇంటికి వెళ్ళిపోయింది. ఇక మిగిలింది పారమ్మ.

ఆమె మొగుడి భుజం పట్టుకుని మెట్లెక్కింది. సింహాచలం కార్డు చూశారు. "అరవై సెకండ్ల వ్యవధి," అన్నారు భుజంగరావుగారు గడియారం ఎత్తి పట్టుకుని. "నీ భర్త నామధేయము?"

పారమ్మ మైకు వంక చూసింది. స్తంభం పక్కన హైమవతి నిలబడి ఉంది. చెప్పనా అంటే సీటు, మానేయనా అంటే ఆ తల్లి. అవి రెండూ చాలనట్టు మొగుడి ఆయుష్షు భయం ఒకటి. జన్మలో మొదటిసారి పారమ్మకు ఏం మాట్లాడాలో తోచలేదు. పుస్తకంలో రాసిన రోగం ఆమెకు ఆ క్షణంలో నిజంగానే పట్టుకుంది.

"ఇరవై సెకండ్లు."

సింహాచలం ఆమె ముఖంలోకి చూశాడు. మాట కోసం వెతుక్కోవడం ఎలా ఉంటుందో ఆయన కంటే ఆ మండపంలో ఎవరికి తెలుసు. ఆయన ఎడమచెయ్యి లేచింది. తొడ మీద పడింది. మళ్ళీ పడింది. శనివారం భజన తాళమే.

"సిం... హా... చ... లం," అన్నాడు.

మైకు ఆ మాటను మండపం బయటికి మోసింది. ఆయన ఒక్క క్షణం తన గొంతు తనే విన్నట్టు ఆగాడు. తరవాత తాళం లేకుండా, మామూలుగా, బజారులో ఎవరో పేరడిగితే చెప్పినట్టు అన్నాడు. "సింహాచలం. మేస్త్రీ సింహాచలం." పారమ్మ వేదిక మీద అందరి ముందూ భోరుమని ఏడ్చింది. స్తంభం దగ్గర హైమవతి ముఖం అటు తిప్పుకుంది.

పెద్దాఫీసరు, భుజంగరావుగారు తలలు దగ్గర పెట్టుకున్నారు. ఒక మనిషి తన పేరు తను చెప్పుకుంటే పెళ్ళాం ఎందుకు ఏడ్చిందని వాళ్ళు అనుకోలేదు. మాట వచ్చునని ముద్ర ఉన్నవాడు మాట్లాడటంలో వింతేముంది. వాళ్ళ చిక్కల్లా ఏ గడిలో టిక్కు పెట్టాలన్నదే.

"ప్రశ్నించబడినది రోగి. జవాబు వచ్చినది సహాయకుని నుండి."

"రోగి పక్షాన మాట్లాడుట సహాయకుని విధియే కదండీ. ఏడో నిబంధన."

"వ్యవధిలోపలనే వచ్చినది."

"సరియైన జవాబే వచ్చినది."

చాలాసేపటికి ఇద్దరూ ఒక నిర్ణయానికి వచ్చి మైకులో చదివారు. రోగిలో పాక్షిక ప్రగతి గమనించడమైనది. కనుక చికిత్స చేసిన డాక్టరు సమర్థురాలే, ఆమెను కదల్చనక్కరలేదు. అయితే రోగికి మాట ఇంకా పూర్తిగా రాలేదు గనుక సీటు ఆరు నెలలు పొడిగించడమైనది. జనం ఎందుకో తెలియకుండానే చప్పట్లు కొట్టారు.

గుమాస్తా రిజిస్టరు తెచ్చి పారమ్మ ముందు తెరిచాడు. ఇంకా ఆరు నెలలు తాను మాట రాని మనిషినని ఒప్పుకుంటూ వేలిముద్ర వేయాలి. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, బొటనవేలు సిరాలో ముంచి, హైమవతి వైపు తిరిగింది.

"ఆర్నెల్లు ఏ మూలకి సాల్తాయి తల్లీ," అంది. "నాకు మాట రాదని ఏడాదికి రాసీమని సెప్పండి."